హోస్పేటలో పొగబండి నడవాలి



బళ్ళారి స్టేషను ముందు పాత ఆవిరి ఇంజను ఒకటి తెప్పించి, రంగులు వేసి, చుట్టూ కంచె కట్టి నిలబెట్టాలని ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు కోరారు. ఆయన అభిమానం గొప్పదే గానీ, ఆ కోరిక చాలదని నా మనవి. దిమ్మె మీదికి ఎక్కించిన ఇంజను ఫొటోలు దిగడానికి పనికొస్తుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి రంగు కింద తుప్పు మొదలవుతుంది. మన ప్రాంతానికి కావలసింది మంట వేసుకొని, ఆవిరి పట్టి, పట్టాల మీద నడిచే ఇంజను. అందుకు హోస్పేట దగ్గర రెండు మూడు కిలోమీటర్ల మీటర్ గేజి దారి ఒకటి వేయాలి. దాన్నీ ఇంజన్నీ చూసుకొనే పనివాళ్ళను తయారుచేయాలి.

ఈ కోరిక హోస్పేటకే ఎందుకంటే, మన బతుకులు మీటర్ గేజి చుట్టూ అల్లుకొన్నవి. 1880ల్లో సదర్న్ మరాఠా రైల్వే ఈ నేల మీద మీటర్ గేజి పట్టాలు పరిచింది. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదర్న్ మరాఠా రైల్వే అయింది. 1951లో దక్షిణ రైల్వేలో భాగమైంది. మద్రాసు నుంచి బ్రాడ్ గేజి బండిలో వచ్చినవాళ్ళు గుంతకల్లులో దిగి, మీటర్ గేజి బండి ఎక్కి బళ్ళారి, హోస్పేట, గదగ్, హుబ్బళ్ళి వెళ్ళేవారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్ళారి మైసూరులో చేరింది. అయినా రైల్వే కుటుంబాలు విడిపోలేదు. గుంతకల్లు క్వార్టర్సులో ఉన్నవాళ్ళకు బళ్ళారి కౌల్‌బజారులో వియ్యంకులు, బళ్ళారి వాళ్ళకు రాయదుర్గంలో మేనమామలు. 1992లో మొదలైన యూనిగేజ్ పథకం కింద ఈ దారంతా బ్రాడ్ గేజి అయింది. బండ్లు పెరిగాయి, వేగం పెరిగింది, ఊరికి మేలు జరిగింది. ఆ పాత పనితనానికి గుర్తుగా పనిచేసే దారి ఒక్క కిలోమీటరైనా మిగల్చకపోవడమే నా బాధ.

మా నాయన గుంతకల్లు లోకోషెడ్డులో బాయిలర్ ఫిట్టరు. షెడ్డులో అందరికన్నా మురికి పని వాళ్ళది, జాగ్రత్త పని కూడా వాళ్ళదే. కొన్నాళ్ళు తిరిగిన ప్రతి ఇంజనుకూ ‘వాషౌట్’ చేయాలి. వేడి మీదున్న బాయిలర్‌కు చన్నీళ్ళు తగిలితే రేకులూ గొట్టాలూ ఒక్కసారిగా ముడుచుకొని అతుకుల దగ్గర కారడం మొదలుపెడతాయి. అందుకని ముందు నిదానంగా చల్లారనిస్తారు. తర్వాత కింది మూలల్లో ఉండే ప్లగ్గులు విప్పి, జోరుగా నీళ్ళు కొట్టి, పొడుగాటి కడ్డీలతో లోపలి బురద గోకి బయటికి లాగుతారు. మన వైపు బోరు నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఎక్కువ. నీళ్ళు కాచే బిందె అడుగున తెల్లగా పేరుకొనే గారే బాయిలర్ గొట్టాలకూ పడుతుంది. గార పట్టిన గొట్టం వేడిని నీటికి అందనివ్వదు. బొగ్గు ఎక్కువ మండుతుంది, రేకేమో కాలిపోతుంది. బొగ్గు మండే ఫైర్‌బాక్సు పైకప్పులో సీసం పోసిన ప్లగ్గు ఒకటి ఉంటుంది. నీటిమట్టం పైకప్పు కన్నా దిగిపోతే ఆ సీసం కరిగి, ఆవిరి మంట మీదికి చిమ్మి, డ్రైవరును హెచ్చరిస్తుంది. మా నాయన ఆ ప్లగ్గును వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసేవాడు. అనుమానం ఉన్నది బిగించనిచ్చేవాడు కాడు.

ఇదంతా పుస్తకాల్లో దొరకదా అని అడగవచ్చు. కొలతలు దొరుకుతాయి. ఫైర్‌బాక్సు రేకులను పట్టి ఉంచే స్టేలను సుత్తితో తట్టి, మోతను బట్టి ఏది విరిగిందో చెప్పే చెవి పుస్తకంలో దొరకదు. పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఆ చెవి ఉన్నవాళ్ళు గుంతకల్లులో, బళ్ళారిలో, హోస్పేటలో ఇంకా కొందరున్నారు. అందరూ పెద్దవయసువాళ్ళే. ఆవిరి ఇంజనుకు పుట్టిల్లయిన ఇంగ్లండులో ఏమైందో చూడండి. అక్కడి అభిమానులు చందాలు పోగుచేసి ‘టొర్నాడో’ అనే కొత్త ఇంజను కట్టి 2008లో పూర్తిచేశారు. దాని బాయిలర్ మాత్రం జర్మనీలోని మైనింగెన్ కార్ఖానాలో చేయించుకోవలసి వచ్చింది. అంత పెద్ద బాయిలర్ చేసే వసతీ నేర్పూ సొంత దేశంలో మిగల్లేదు. మనకు ఆ గతి పట్టలేదు. తిరుచ్చి దగ్గరి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నీలగిరి కొండ రైలు కోసం కొత్త ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. అక్కడి పనివాళ్ళూ మన పెద్దలూ కలిస్తే మీటర్ గేజి మీద నడిచిన ఒక వై.పి. ఇంజనునో వై.జి. ఇంజనునో మళ్ళీ నిలబెట్టడం కష్టమేమీ కాదు.

ఇంజను కన్నా ముందు ఆలోచించాల్సింది పట్టాల గురించి. వారసత్వ రైలు అనగానే అందరి కళ్ళూ పొగగొట్టం మీదే ఉంటాయి. ఆవిరి ఇంజను పట్టాను డీజిలు ఇంజను కన్నా గట్టిగా కొడుతుంది. చక్రాలను తిప్పే బరువైన కడ్డీలు ముందుకీ వెనక్కీ ఊగుతాయి, వాటికి సరితూగడానికి చక్రాల్లో పెట్టిన బరువులు ప్రతి చుట్టుకూ పట్టా మీద దెబ్బ వేస్తాయి. పైగా మనది చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళు బారి కుంగుతుంది. పోయిన నెల సమంగా ఉన్న పట్టా ఈ నెల ఒక పక్కకు ఒరుగుతుంది. గ్యాంగ్‌మన్లు జాకీతో పట్టా లేపి, స్లీపరు కింద కంకరను బీటర్లతో దట్టించి, మట్టం చూసి సరిచేయాలి. కీమన్ తెల్లారేసరికి సుత్తి, స్పానరు, ఎర్రజెండాలు, డిటోనేటర్లు తీసుకొని తన బీటు నడవాలి. ఎండాకాలం ముందు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్లు విప్పి, గ్రాఫైటు కలిపిన నూనె రాసి, పట్టాల మధ్య సందు సరిచూడాలి. అతుకు బిగుసుకుపోతే బళ్ళారి ఎండకు పట్టా సాగడానికి చోటు లేక పక్కకు వంగిపోతుంది. బండి పండుగ రోజుల్లోనే నడిచినా ఈ పని ఏడాది పొడుగునా తప్పదు. ఇంజనుకు డబ్బిచ్చి పట్టాలకు ఇవ్వని పథకమైతే మొదలుపెట్టకపోవడమే మేలు.

గేజి మార్పిడి నుంచి తప్పించి కాపాడాలని రైల్వే శాఖ ఐదు మీటర్ గేజి దారులను ఎంచుకొంది: గుజరాతులో విసావదర్–తలాలా, మధ్యప్రదేశ్‌లో పాతాళపాని–కాలాకుండ్, ఉత్తరప్రదేశ్‌లో మైలానీ–నాన్‌పారా, రాజస్థాన్‌లో మార్వాడ్–దేవ్‌గఢ్, అసోంలో మాహూర్–హరంగాజావ్. తెలుగు, కన్నడ నేలల్లో ఒక్కటి కూడా లేదు. దక్షిణాదిన మనకు చూపించేది నీలగిరి. అది 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వెళ్ళిన పళ్ళ పట్టాల కొండదారి, 2005లో యునెస్కో జాబితాకెక్కింది. మైదానంలో మనవాళ్ళు నడిపిన బండ్ల కథ వేరు. మైసూరులో 1979 నుంచి, హుబ్బళ్ళిలో 2020 నుంచి రైలు మ్యూజియంలున్నాయి. అక్కడి ఇంజన్లను చూసి ఆనందించాం గానీ, అవి మంట ఎరగవు. వేరే కొన్నిచోట్ల డీజిలు ఇంజనుకే ఆవిరి ఇంజను వేషం వేసి తిప్పుతున్నారు. హర్యానాలోని రేవారీ షెడ్డు మాత్రం సరైన దారి చూపింది. 1893 నాటి ఆ షెడ్డును మూతపడ్డాక 2002లో తిరిగి తెరిచి, నడిచే ఇంజన్లకు నిలయం చేశారు. సినిమా షూటింగులకు కూడా అక్కడి ఇంజన్లు వెళుతున్నాయి.

ఎదురు ప్రశ్నలు వస్తాయని తెలుసు. ఖనిజం లారీల దుమ్ముతో ఊపిరాడని జిల్లాకు బొగ్గు పొగ కూడానా అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఏడాదిలో కొద్ది రోజులే, ఊరికి దూరంగా, ఒకే ఒక ఇంజను నడుస్తుంది. నీలగిరిలో కొన్ని ఇంజన్లను నూనెతో నడుపుతున్నారు, ఇక్కడా ఆ పద్ధతి పెట్టవచ్చు. బెంగళూరుకు సరిపడా బండ్లు లేవు, ఈ వినోదం దేనికి అనీ అంటారు. ఆ బండ్ల కోసం నేనూ అడుగుతాను. మెయిన్ లైనుతో సంబంధం లేని ఈ దారి వాటికి అడ్డం రాదు. ఖర్చు మాటకొస్తే, హంపి హోస్పేటకు సుమారు 13 కిలోమీటర్లు. 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలమైన ఆ ఊరికి వచ్చేవాళ్ళు సాయంత్రానికి హోస్పేటకే చేరతారు. హంపి ఉత్సవానికీ, దసరాకీ, సెలవుల్లో ఆదివారాలకీ బండి నడిపితే టిక్కెట్టు కొనేవాళ్ళకు కొదవుండదు. ఖర్చంతా టిక్కెట్లతో రాకపోతే, మన కొండల ఇనుముతో ఎదిగిన పరిశ్రమల సామాజిక బాధ్యత నిధి ఉంది.

పనిచేసే మనుషుల మాటకొస్తే, వేల్సులోని తాలిలిన్ రైల్వే మూతబడబోతుంటే 1951లో మామూలు జనం ముందుకొచ్చి నడిపించుకొన్నారు. స్వచ్ఛంద సేవకులు సెలవురోజుల్లో వచ్చి కంకర దట్టించారు, స్లీపర్లు మార్చారు. అది ఇప్పటికీ నడుస్తోంది. మన ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఇంతకన్నా మంచి బడి ఏముంటుంది? రివెట్టు, వెల్డింగు, మట్టం, కొలత, అన్నీ ఒకేచోట నేర్చుకోవచ్చు.

కాబట్టి నావి మూడు విన్నపాలు. మొదటిది, ఆలస్యానికి తావివ్వనిది: విశ్రాంత డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు చెప్పే పని విధానాన్ని తెలుగు, కన్నడల్లో వీడియోగా తీయించాలి. రెండోది: హోస్పేట ప్రాంతంలో చిన్న మీటర్ గేజి దారికి స్థలం చూసి, అంచనా వేయించాలి. అందులో పట్టాల నిర్వహణకు ఏటా ఇంత అని విడిగా నిధి రాసిపెట్టాలి. మూడోది: దిమ్మెల మీదున్న మీటర్ గేజి ఇంజన్లలో బాయిలర్ బాగున్నది ఒకటి ఎంచి మరమ్మతుకు పంపాలి. హోస్పేట నైరుతి రైల్వేది, గుంతకల్లు వేరే జోనుది. రెండు జోన్లూ, రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఇది కదలదు. బళ్ళారి, అనంతపురం, కర్నూలు ఎంపీలు ముగ్గురూ కలిసి రైల్వే మంత్రికి ఒకే వినతిపత్రం ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కౌల్‌బజార్, బళ్ళారి.