బిడ్డలతో బోటు ప్రయాణం: టికెట్టుకు ముందు ఒక మాట



క్రిస్మస్ పండుగ అయిపోయి సంక్రాంతి సెలవులు దగ్గరపడితే మన ఇళ్ళలో ఒక మాట మొదలవుతుంది: "ఈసారైనా పిల్లలను పాపికొండలకు తీసుకుపోదామా?" మంచి కోరికే. సదుం, సోమల, పుంగనూరు వైపు పుట్టిన మన బిడ్డలకు నీళ్ళంటే ఊరి చెరువు, తోటలో బావి, వానలు పడితే పారే వంక. రెండు కొండల నడుమ నిండుగా పారే నది ఎలా ఉంటుందో పుస్తకంలో బొమ్మ చూడడమే తప్ప కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. టమోటాకు మంచి ధర పలికిన ఏడో, పాల డబ్బులో చీటీ డబ్బులో నాలుగు వేలు మిగిలిన ఏడో ఆ కోరిక తీర్చుకోవాలని ఏ తల్లికి ఉండదు?

ఈ నెల ఆ ప్రయాణం గురించే ఆలోచిద్దాం. ఏమి చూడాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవి ట్రావెల్స్ వాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనివి, ఇంట్లో మనమే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ఎప్పుడు వెళ్ళాలి?

మనవాళ్ళు సాధారణంగా తిరుపతిలో రైలెక్కి, రాత్రంతా ప్రయాణించి రాజమండ్రిలో దిగుతారు. అక్కడి నుంచి రోడ్డు మీద దేవీపట్నం దగ్గరి గండిపోచమ్మ రేవుకు వెళ్ళి బోటు ఎక్కుతారు. పొద్దున బయలుదేరిన బోటు పేరంటాలపల్లి వరకు వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తుంది. భద్రాచలం వైపు నుంచి వెళ్ళేవారు పోచవరంలో ఎక్కుతారు.

జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరద కాలం. దసరా సెలవులనాటికి కూడా ఒక్కొక్క ఏడు వరద తగ్గదు. ఎండాకాలం సెలవుల్లో వేడితోపాటు ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది అలాంటి గాలివానలోనే. కాబట్టి చిన్నబిడ్డలున్న కుటుంబానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. పొద్దున మంచు పట్టి బోటు ఆలస్యమైతే విసుక్కోవద్దు. దారి కనిపించేదాకా ఆగేవాడే మంచి సరంగు.

వెనక్కి తిరిగే ధైర్యం

2019 సెప్టెంబరు 15 ఆదివారం. గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. గండిపోచమ్మ రేవు నుంచి బయలుదేరిన ఒక బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బోటులో 77 మంది ఉంటే 26 మంది మాత్రమే బతికారు. వారిని ఒడ్డుకు చేర్చింది అక్కడి గిరిజనులు. ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా తమ పడవలు వేసుకుని వరదలోకి వెళ్ళారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి తీయగలిగింది 38వ రోజున, అక్టోబరు 22న. మన తిరుపతి నుంచి వెళ్ళినవారు కూడా ఆ బోటులో ఉన్నారు.

ఆ ప్రమాదం తర్వాత బోట్లన్నీ ఆపివేశారు. కంట్రోల్ రూములు, తనిఖీలు ఏర్పాటు చేశాక 2021లో మళ్ళీ తిరగనిచ్చారు. నీటిమట్టం పెరిగితే ఇప్పుడు బోట్లు ఆపుతున్నారు. ఇది మేలే. అయినా రేవులో నిలబడి "ఎక్కుదామా, వద్దా" అని ఆలోచించే బాధ్యత తల్లిదండ్రుల మీద నుంచి తొలగిపోలేదు.

ఆ క్షణంలో మన నోరు నొక్కేది ఏమిటి? చాలాసార్లు అది మనం కట్టిన డబ్బే. "ఇంత దూరం వచ్చాము, డబ్బు కట్టాము, పిల్లలు ఆశపడ్డారు, ఇప్పుడు వెనక్కి పోతే నలుగురూ ఏమనుకుంటారు?" అనుకుంటాం. ఇంట్లో ఉన్నప్పుడు వరద అంటే భయపడే మనిషి, టికెట్టు జేబులో పడ్డాక ధైర్యవంతుడవుతాడు. అది నిజమైన ధైర్యం కాదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో జరిగింది కూడా ఇదే. ఓడ ప్రయాణానికి తగిన కాలం దాటిపోయిందని ఖైదీగా ఉన్న పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి మాత్రం నావికుడి మాట, ఓడ యజమానుడి మాట నమ్మాడు. మంచిరేవులు అనే చోట చలికాలం గడపడం వారికి ఇష్టం లేకపోయింది. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి అంతా బాగానే ఉందనుకున్నారు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. దేవుని కృపవలన 276 మందీ మెలితే ద్వీపానికి చేరారు గాని, సరుకు పోయింది, ఓడ పోయింది.

అందుచేత ఇల్లు కదలకముందే ఒక మాట అనుకోండి. బోటును చూసి గాని, నీళ్ళను చూసి గాని మనలో ఏ ఒక్కరు "వద్దు" అన్నా సరే, అవ్వ అన్నా, పదేళ్ళ బిడ్డ అన్నా, అందరం వెనక్కి వస్తాం. డబ్బు పోయిందని ఆ తర్వాత ఎవరూ ఎవరినీ దెప్పరాదు.

అలా తిరిగి వచ్చినా రోజు వృథా కాకూడదంటే చేతిలో ఇంకొక ఏర్పాటు ఉండాలి. రాజమండ్రి పక్కనే ధవళేశ్వరం ఉంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట వల్లనే గోదావరి డెల్టా పచ్చబడింది. అక్కడ ఆయన పేరు మీద మ్యూజియం ఉంది. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ మీద నిలబడి నదిని చూడవచ్చు. చెరువు నిండని ఏడు ఎలా ఉంటుందో తెలిసిన మన పిల్లలకు ఆ ఆనకట్ట కథ బాగా అర్థమవుతుంది. ఈ రెండో ఏర్పాటు గురించి పిల్లలకు ముందే చెప్పి ఉంచితే రేవులో ఏడుపులు ఉండవు.

బోటు దగ్గర అడగవలసినవి

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో ఒక బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. యాత్రికులను తిప్పడానికి ఆ బోటుకు అనుమతే లేదని తర్వాత తేలింది. కాబట్టి అడగడానికి మొహమాటపడవద్దు. ఈ బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం ఉన్నాయా? ఎంతమందికి అనుమతి? ఈ రోజు ఎంతమంది ఎక్కుతున్నారు? మన బిడ్డల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఉన్నాయా? 2021లో వచ్చిన లోతట్టు జలమార్గాల నౌకల చట్టం ప్రకారం ఇలాంటి బోట్లకు రిజిస్ట్రేషన్, తనిఖీ తప్పనిసరి. అడిగినందుకు కసురుకుంటే ఆ బోటు మనకు వద్దు.

నది కాకపోతే పరవాలేదు, చెరువే కదా అనుకోవద్దు. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో విహారయాత్రకు వెళ్ళిన బడి పిల్లల పడవ హర్ని చెరువులో బోల్తాపడింది. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవలో ఎక్కించవలసినవారి కంటె ఎక్కువమందిని ఎక్కించారు. చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు.

చిన్నబిడ్డలు

2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపింది. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళలోపు పసివాళ్ళే. మునిగే బిడ్డ కేక వేస్తాడనుకుంటాం. నోట్లోకి నీళ్ళు పోతున్నవాడికి కేక వేయడానికి ఊపిరి ఎక్కడిది? చప్పుడు లేకుండానే జరిగిపోతుంది.

"ఇంతమందిమి ఉన్నాము, ఎవరో ఒకరు చూస్తారులే" అనుకున్నచోట ఎవరూ చూడరు. అందుకని ఒక్కొక్క చిన్నబిడ్డకు ఒక్కొక్క పెద్దమనిషి పేరు చెప్పి అప్పగించండి. భోజనానికి లేచినా, పాటలు పెట్టినా ఆ చెయ్యి వదలరాదు. లేవవలసి వస్తే "బిడ్డను నీకు ఇస్తున్నాను" అని నోటితో చెప్పి ఇంకొకరికి అప్పగించాలి.

లైఫ్ జాకెట్ తొడిగి, బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా లేచి వస్తే అది ఆ బిడ్డది కాదు. నీళ్ళలో పడితే జాకెట్ తేలుతుంది, బిడ్డ కిందికి జారిపోతుంది. ఉక్కపోస్తోందని, అన్నం తినాలని విప్పడం వద్దు. మన పెద్దలు నడుముకు బెండు కట్టకుండా బిడ్డను బావిలోకి దించేవారా? ఇదీ అంతే. పిల్లలకు చెప్పే ముందు మనం తొడుక్కోవాలి. తండ్రి భుజాన వేలాడుతున్న జాకెట్‌ను చూసి కొడుకు ఒంటిమీద ఉంచుకుంటాడా?

ఎదిగిన పిల్లలు

పదమూడు మొదలు పంతొమ్మిది దాకా వయసున్నవారితో చిక్కు వేరు. "కూర్చో, కదలకు" అంటే వినరు. పని అప్పగిస్తే మనకంటె బాగా చేస్తారు. ప్రయాణం ఆలోచించేటప్పుడే వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. రైలు వేళలు చూడడం ఒకరికి, పైన చెప్పిన ప్రశ్నలన్నీ రాసుకుని ఫోనులో అడగడం ఒకరికి, వరద వార్తలు కనుక్కోవడం ఒకరికి అప్పగించండి. బోటులో గంట గంటకు తలలు లెక్కపెట్టే పని కూడా వాళ్ళదే. తాము అడిగి తెలుసుకున్న సంగతిని వారు తేలికగా తీసుకోరు.

మన పల్లెల్లో ఈత వచ్చిన కుర్రవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. బావిలో నీళ్ళు నిలబడి ఉంటాయి, నాలుగు బారలు వేస్తే మెట్టు అందుతుంది. గోదావరి నీళ్ళు నిలబడవు, లాగుతాయి. బావి ఈత అక్కడ పనికిరాదు. ఎవరైనా పడిపోతే వెనక దూకడం సాహసం కాదు, ఇంట్లో ఇద్దరిని పోగొట్టుకోవడం. తాడో, చీరో, మూత బిగించిన ఖాళీ క్యానో విసిరి సిబ్బందిని పిలవాలి.

బోటు మీద పాటలు, డాన్సులు ఉంటాయి. పిల్లలు సరదాపడితే తప్పులేదు. కానీ కమ్మీ మీద కూర్చుని ఫోనులో ఫోటో తీసుకోవడం, ఏదో కనిపించిందని అందరూ ఒకే పక్కకు పరుగెత్తడం వద్దని ముందే మాట తీసుకోండి. బరువంతా ఒక వైపు చేరితే బోటు ఒరుగుతుంది.

ఎదిగిన ఆడపిల్లల ఇబ్బంది తల్లులు మరచిపోరాదు. రోజంతా బోటు మీద ఉండాలి. మరుగుదొడ్డి ఎలా ఉందో ముందే కనుక్కోండి. నెలసరి రోజులు దగ్గరపడితే కావలసినవి సంచిలో పెట్టుకోండి. బిడ్డ సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసి ఎండలో తల తిరిగి పడిపోయే పరిస్థితి రానివ్వకండి.

పెద్ద ఓడల మాట

బెంగుళూరులో ఉద్యోగం చేసే బిడ్డలున్న కొందరు సముద్రపు ఓడల గురించి కూడా అడుగుతున్నారు. 2022 జూన్‌లో చెన్నై నుంచి బయలుదేరిన ప్రయాణికుల ఓడ విశాఖపట్నం వచ్చి వెళ్ళింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ఇలాంటి ఓడల కోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్‌ను ప్రారంభించారు. మనకు చెన్నై దగ్గరే. అయితే ఓడ ఒక చిన్న ఊరంత ఉంటుంది. అక్కడ బిడ్డ నీళ్ళలో పడడం కంటె జనంలో తప్పిపోవడం సులభం. ఏ వేళకు ఎక్కడ కలవాలి, రాత్రి ఎన్ని గంటలకు గదికి చేరాలి అన్నది ఎదిగిన పిల్లలతో మొదటి రోజే అనుకోవాలి. ఓడ ఎక్కగానే ఆపదలో ఎక్కడ చేరాలో చూపిస్తారు. సామాను సర్దుకుంటూ దాన్ని తప్పించుకోవద్దు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఓడ రాతిని తాకి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అదే రోజు ఎక్కిన వందలమందికి అప్పటికి ఆ శిక్షణ ఇవ్వనేలేదు.

చివరిగా

ఈ వారంలో ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక చాప మీద నుంచి వెంటనే లేవకండి. అవ్వాతాతల నుంచి చిన్నవాడి వరకు అందరినీ కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఏ బిడ్డ ఎవరి చేతిలో ఉంటుంది, ఎదిగినవారిలో ఎవరి పని ఏది, బోటు ఎక్కకపోతే ఆ రోజు ఎక్కడికి వెళతాం. ఆ కాగితం తయారైన తర్వాత టికెట్టు సంగతి చూడండి. కొండల నడుమ ఆ నీళ్ళను మీ బిడ్డలు కడుపునిండా చూసి, కబుర్లు చెప్పుకుంటూ అందరూ ఇల్లు చేరాలని మా కోరిక.