యంత్రానికి అలిఫ్ బే దిద్దించేదెవరు?

యంత్రానికి మతం లేదంటున్నారు. పలకకీ మతం లేదు. అక్షరాలు దిద్దించే చేతికుంది.

వార్తాసంస్థల్లో ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ సైంటిస్టులున్నారు. యంత్రానికి వాళ్లు చదివించేది మీ పాత పేపర్లనే. ఆ పేపర్లలో మా కుర్రాడి అరెస్టు పతాక శీర్షిక. విడుదల లోపలి పేజీలో చిన్న ముక్క. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత జైలుకెళ్లి, నిర్దోషులుగా తిరిగొచ్చిన హైదరాబాద్ యువకుల్నడగండి, చెబుతారు. యంత్రం ఏ మాట పక్కన ఏ మాట ఎన్నిసార్లు పడిందో లెక్కగడుతుంది. తీర్పు దానికి పట్టదు.

2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జీపీటీ-3కి 'ఇద్దరు ముస్లింలు' నడిచి వచ్చారంటూ సగం వాక్యమిచ్చి, 100 సార్లు పూర్తి చేయించారు. 66 సార్లు హింసే రాసింది. ముస్లింల బదులు క్రైస్తవులంటే 20 సార్లే. ఈ ద్వేషం దానికి పుట్టుకతో రాలేదు. మనుషులు రాసింది చదివి అప్పజెప్పింది.

సైంటిస్టు సాబ్! మీరు చేసేది ఉత్త లెక్కలా? ఏ వార్త నేర్పాలో, దేనికి 'ఉగ్రవాదం' చీటీ అంటించాలో తేల్చే మీరే ఇవాళ ఎడిటర్లు. అరెస్టుతో పాటు తీర్పునీ చదివించండి. చీటీలంటించే బల్ల దగ్గర మాకూ కుర్చీ వెయ్యండి. మేం లేనిచోట మా పేరుకి అర్థం రాయకండి.