చదివి చెప్పేవాడు ఇంకెన్నాళ్లు?

మన వాడ - మన చదువు: 11వ భాగం

ముందు ఈ రెండు వాక్యాలు చదవండి.

"గిమ్మడు తోరెల్లో మూడు జరవలను కుప్పించాడు. అవి సలిమిగా ఉండడంతో పొంజెకు వేయలేదు."

ఇప్పుడు ప్రశ్నలు. జరవలను ఎవరు కుప్పించారు? గిమ్మడు. ఎక్కడ? తోరెల్లో. ఎన్ని? మూడు. పొంజెకు ఎందుకు వేయలేదు? సలిమిగా ఉన్నాయి కాబట్టి.

నాలుగుకు నాలుగు మార్కులు. గిమ్మడు ఎవడో, జరవ అంటే తినేదో తొడుక్కునేదో మీకు తెలియదు. నాకూ తెలియదు. ఆ మాటలన్నీ నేను ఇప్పుడే పుట్టించాను.

మన పిల్లలు ఇంగ్లీష్ పేపర్లో 'ప్యాసేజ్' కింద రాసే జవాబుల్లో చాలా భాగం ఇట్లాంటివే. ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతకాలి, దొరికినచోట వేలు పెట్టాలి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి. మార్కులు పడతాయి. ఇంగ్లీష్ వచ్చిందని మెమో చెప్తుంది. పిల్లకు మాత్రం తాను ఏం చదివిందో తెలియదు.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. పీహెచ్‌డీ చేసింది తెలుగు సాహిత్యంలోనే. తెలుగు చెప్పేవాళ్లకు ఇంగ్లీష్ గోల ఎందుకని సోపతులు అడుగుతుంటారు. ఎందుకంటే క్లాసు అయిపోయాక పిల్లలు నా దగ్గరికి కాయితాలు పట్టుకొని వస్తారు. బ్యాంకు నుంచి వచ్చిన కాయితం, స్కాలర్‌షిప్ ఆగిపోయిందన్న మెసేజ్, అయ్యకు వచ్చిన నోటీసు. "జర చదివి చెప్పండి, ఇందులో ఏముంది?" పదేళ్లు ఇంగ్లీష్ మీడియం చదివిన పిల్లలు వీళ్లు. చదవమంటే గడగడా చదువుతారు. అర్థం కావాలంటే మాత్రం ఇంకొకరు కావాలి.

ఆ ఇంకొకరి సంగతే ఈ వ్యాసం.

నిజాం కాలంలో మన తాతల భూమి కాయితం ఉర్దూలో ఉండేది. పట్వారీ చదివి చెప్పేవాడు, తాత వేలిముద్ర వేసేవాడు. కాయితంలో ఉన్నది ఒకటి, చదివి చెప్పింది ఒకటి అయినా అడిగే దిక్కు లేదు. తర్వాత కాయితం తెలుగులోకి వచ్చింది. ఆ తెలుగు కూడా మనది కాదు. దస్తావేజు తెలుగు వాడలో ఎవరూ మాట్లాడరు. చదివి చెప్పేవాడు మళ్లీ అవసరమయ్యాడు. ఇప్పుడు కాయితం ఇంగ్లీషుకు మారింది. భాషలు మూడు మారినయి, నడుమ కూర్చున్నోడు కదలలేదు. ఆ మనిషి అవసరం లేకుండా చేయని చదువు ఏ మీడియంలో ఉన్నా మనకు సగం చదువే.

ఇంగ్లీష్ మన హక్కు. ఇందులో నాకు రెండో మాట లేదు. సావిత్రిబాయి ఫూలే 1854లోనే తన కవితల పుస్తకంలో ఇంగ్లీష్ చదువును మెచ్చుకుంటూ రాసింది. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి, మన పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించే పెద్దమనుషులకు ఆమె అప్పుడే జవాబు చెప్పింది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చింది. మంచిదే. కానీ గోడమీద ఇంగ్లీష్ మీడియం అని రాసినంత సులువుగా పిల్లల తలలోకి అర్థం దిగదు.

దేశం మొత్తం పల్లెల లెక్క చూడండి. అసర్ సర్వే ప్రకారం ఐదో తరగతిలో తేలికైన ఇంగ్లీష్ వాక్యాలు చదవగలిగిన పిల్లలు 2016లో 24.7 శాతం, 2022లో 24.5 శాతం. ఎనిమిదో తరగతిలో 45.3 నుంచి 46.7కు చేరింది. ఆరేండ్లలో కదిలింది అంతే. ఇది చదవగలగడం లెక్క. 2023లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని చూస్తే, ఇంగ్లీష్ వాక్యాలు చదవగలిగినవాళ్లలో కూడా నలుగురిలో ఒకరికి దాదాపుగా అర్థం చెప్పడం రాలేదు.

ఎందుకిట్లా? గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక చిన్న లెక్క చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే రెండు శక్తుల గుణకారం. ఒకటి అక్షరాల్ని మాటలుగా పలకగలగడం. రెండోది ఆ మాటల్ని విన్నప్పుడు అర్థం చేసుకోగలగడం. ఇది కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా జవాబు సున్నానే. మన బడుల్లో మొదటిదాని మీదే పడి ఉన్నాం. ఒక్కొక్క పిల్లను లేపి తలా ఒక పేరా గట్టిగా చదివించి, క్లాసు అయిపోయిందంటాం.

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ చేసిన ఇంకో పరిశోధన ఉంది. బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఒకటి పిల్లలకు ఇచ్చారు. చదువులో వెనకబడ్డవాళ్లని పేరుపడి, ఆట బాగా తెలిసిన పిల్లలు, చదువులో ముందుండి ఆట తెలియని పిల్లలకంటే బాగా అర్థం చేసుకున్నారు. కబడ్డీ గురించి పేరా ఇస్తే మన పోరగాళ్లు కూడా అంతే. అర్థం సగం పుస్తకంలో ఉంటుంది, సగం చదివేవాళ్ల బతుకులో ఉంటుంది. పుస్తకంలో ఎప్పుడూ వేరేవాళ్ల బతుకే ఉంటే మన పిల్ల ప్రతి పేరాలోనూ సగం మార్కులు పోగొట్టుకొనే మొదలుపెడుతుంది. తర్వాత ఆమెకు 'మొద్దు' అని పేరు పెడతారు. ఆ పేరు వెనక కులం ఉంటుంది, చాలాసార్లు.

కాబట్టి మొదట మన పిల్లలకు తెలిసిన లోకంతో మొదలుపెట్టాలి. మా దిక్కు మూడు ఊళ్ల నుంచి మూడు ఉదాహరణలు చెప్తాను.

మిర్యాలగూడ. రైసుమిల్లుల ఊరు. ఊక, తవుడు, నూకలు, తాలు, తరుగు అన్న మాటలు మిల్లు కూలీ బిడ్డకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వడ్ల కొనుగోలుకు సర్కారు పెట్టిన నాణ్యత నిబంధనలు ఇంగ్లీషులో ఒక పేజీకి మించవు. మాయిశ్చర్ 17 శాతం దాటొద్దు, ముదరని ముడుచుకుపోయిన గింజలు 3 శాతం దాటొద్దు. ఆ పేజీని క్లాసులో పెట్టండి. "మాయిశ్చర్ ఎంత ఉండాలి?" అని అడగకండి, అది వేలుపెట్టి చూపించే జవాబు. "మీ అయ్య వడ్లలో తేమ 16 వచ్చింది. తేమ పేరు చెప్పి బస్తాకు కిలో కోస్తామంటే ఒప్పుకోవాలా?" అని అడగండి. జవాబు పేజీలో ఏ వాక్యంలోనూ లేదు. అర్థమైతేనే దొరుకుతుంది.

కోదాడ. ఆ చుట్టుపక్కల మేళ్లచెరువు, మట్టంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. కాంట్రాక్టు పనికి పోయే మనవాళ్లు గేటు దాటగానే కనపడేవి జాగ్రత్త బోర్డులు. పర్మిట్ లేకుండా లోపలికి దిగొద్దు, ఫలానా పని అయ్యేదాకా స్విచ్ వేయొద్దు. అందులో 'విదవుట్', 'అంటిల్' అన్న రెండు చిన్న మాటలు తప్పిపోతే బోర్డు అర్థం తలకిందులవుతుంది. ఇక్కడ తప్పు చదివితే పోయేది మార్కు కాదు.

సూర్యాపేట. జిల్లా కేంద్రం. ఠాణాలు, కోర్టులు, వకీళ్లు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 మన పిల్లలకు పేరుగా తెలుసు. మూడో సెక్షన్‌లో కులం పేరుతో అవమానించడం గురించిన క్లాజులో 'ఇన్ ఎనీ ప్లేస్ వితిన్ పబ్లిక్ వ్యూ' అన్న మాట ఉంది. దీన్ని 'బహిరంగ ప్రదేశంలో' అని చదివేస్తే కొంపమునిగినట్టే. 'పబ్లిక్ ప్లేస్' వేరు, 'నలుగురి కంటపడే ఏ చోటైనా' వేరు. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుంది. ఇంటి గేటు దగ్గర తిట్టినా, స్థలం సొంతదైనా, జనం కంటపడితే చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2020లో హితేష్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేనిచోట అన్న మాటకు ఆ క్లాజు వర్తించదని చెప్పింది. ఆ కొద్ది మాటల మీదే కేసు నిలబడటమో కూలిపోవటమో ఉంది. తనను ఎక్కడ తిట్టారో, ఎవరు విన్నారో ఫిర్యాదులో రాయాలని తెలియాలంటే ఆ కొద్ది మాటలు మనకు అర్థం కావాలి. ఇంతకన్నా మంచి కాంప్రహెన్షన్ పాఠం ఏ గైడులో దొరుకుతుంది?

ఇక ఎట్లా చెప్పాలన్నది. మన దగ్గర అంబేద్కర్ భవనాల్లో సాయంత్రం ట్యూషన్లు చెప్పే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. వాళ్లకోసం నాలుగు మాటలు.

ఒకటి. పేరా తెరవకముందు పది నిమిషాలు దాని గురించి మన మాటల్లో ముచ్చట పెట్టండి, వాడలో మాట్లాడే తెలుగులోనే. తెలుగులో ఆలోచించిన పిల్ల ఇంగ్లీషుకు దూరం కాదు, ఆ ఆలోచననే ఇంగ్లీషులోకి మోసుకుపోతుంది. సర్కారు 2022లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు తెచ్చింది. అది చాలా మంచి పనిముట్టు. పరీక్షకు కావాల్సిన పేజీ ఒక్కటే చదివించి రెండోదాన్ని మూసిపెట్టొద్దు.

రెండు. వాక్యం కట్టే తీరు చెప్పండి. ఇది తెలుగు చదువుకున్నవాళ్లు బాగా చెప్పగలిగిన పని. 'నిన్న వచ్చిన పిల్ల' అంటాం మనం. పిల్ల గురించి చెప్పాల్సిందంతా ముందే చెప్పి చివర పిల్లను తెస్తాం. ఇంగ్లీషు 'ద గర్ల్ హూ కేమ్ ఎస్టర్డే' అంటుంది. పిల్ల ముందొచ్చింది, ఆమె సంగతి తర్వాత. క్రియ మనకు చివర్లో, వాళ్లకు నడుమ. పొడుగు వాక్యం వచ్చినప్పుడు మన పిల్లలు తప్పిపోయేది ఈ మలుపులోనే. 'హూ', 'విచ్' కనపడగానే ఆగి, దాని తర్వాతి ముక్కను వెనక్కి తెచ్చి పేరు ముందు పెట్టి చదవడం అలవాటు చేయండి. ఎవరు, ఏం చేశారు అన్నవి ముందు పట్టుకుంటే మిగతాదంతా వాటికి అతుక్కుంటుంది.

మూడు. పెద్ద మాటలకన్నా చిన్న మాటల మీద పని చేయించండి. 'అన్‌లెస్', 'ఓన్లీ ఇఫ్', 'ఎక్సెప్ట్', 'ఐదర్'. 'అకౌంటుకు ఆధార్ లింక్ అయితే తప్ప డబ్బు విడుదల కాదు' అన్న వాక్యం ఇంగ్లీషులో వస్తే మన పిల్లకు డబ్బు, ఆధార్, విడుదల కనపడతాయి. 'నాట్', 'అన్‌లెస్' కనపడవు. స్కాలర్‌షిప్ వస్తుందని ఇంటికి చెప్తుంది.

నాలుగు. చదివినదాన్ని పుస్తకం మూసి చెప్పించండి. "మీ అవ్వకు చెప్పినట్టు చెప్పు" అనండి. అవ్వకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే పిల్లకు అర్థమైనట్టే. ఆ తర్వాత పేరా మీద పిల్లలతోనే ప్రశ్నలు తయారు చేయించండి. ప్రశ్న అడగడం వచ్చినవాళ్లను మోసం చేయడం కష్టం.

తెలిసిన లోకం దగ్గరే ఆగిపొమ్మని నేను అనడం లేదు. వడ్ల దగ్గర మొదలైన పిల్ల సముద్రం గురించి, గ్రహాల గురించి, కోర్టు తీర్పుల గురించి చదవాలి. నడుమ ఒక మెట్టు కావాలి. నా మటుకు ఆ మెట్టు బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. చిన్న పుస్తకం, తేలిక ఇంగ్లీషు. 1901లో తండ్రిని చూడటానికి రైలెక్కిన పిల్లలు, మసూర్ స్టేషన్లో దిగాక కులం తెలిసి వెనక్కి జరిగిన స్టేషన్ మాస్టర్, రెట్టింపు కిరాయి తీసుకుని కూడా పక్కన కూర్చోక, బండిని పిల్లలతోనే తోలించుకొని వెంట నడిచిన బండివాడు. ఇందులో మన పిల్లలకు తెలియని మాటలు ఉంటాయి, తెలియని సంగతి ఉండదు. సంగతి తెలుసు కాబట్టి మాటల్ని తామే పట్టుకుంటారు. బండివాడు ఎందుకు నడిచాడని అడగండి. ఏ గైడూ లేకుండా క్లాసంతా జవాబు చెప్తుంది, ఇంగ్లీషు తక్కువని వెనక బెంచీలో కూర్చోబెట్టిన పిల్లతో సహా.

మన అయ్యలు వేలిముద్ర వదిలి సంతకం దాకా వచ్చారు. సంతకం పెట్టేముందు పైనున్నది మొత్తం చదివి, అర్థం చేసుకొని, అవసరమైతే 'పెట్టను' అనగలగడం ఈ తరం పని. వచ్చే ఆదివారం మీ వాడలో పది మంది పిల్లల్ని కూర్చోబెట్టండి. ఒక్క పేజీ చాలు.

వచ్చే భాగంలో బ్యాంకు అప్పు కాయితాలు ఎట్లా చదవాలో చూద్దాం.

జై భీమ్.