తెరిచిపెట్టిన ఫైళ్లు

నెలలో రెండో మంగళవారం, మనకు బాగా పొద్దుపోయాక, మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు వదులుతుంది. 2003 నుంచీ అదే ఆనవాయితీ. వాటిని ఎక్కించాక సర్వర్‌ను సాధారణంగా రీస్టార్ట్ చేయాల్సి వస్తుంది. కర్నూలైనా కడపైనా, ఆఫీసు ఖాళీ అయ్యే సాయంత్రం కోసం సర్వర్ చూసే కుర్రాడు కాచుకుంటాడు. అప్పుడు 'ఓపెన్ ఫైల్స్' జాబితా తీస్తాడు. ఎవరు ఏ ఫైలు తెరిచారో, చదవడానికా రాయడానికా, అన్నీ వరసగా కనిపిస్తాయి. కుడి క్లిక్ కొట్టి 'క్లోజ్' అంటే చాలు, ఎక్కడో కూర్చున్నవాడి ఫైలు మూసుకుపోతుంది. వాడికి కబురు కూడా అందదు.

చదవడానికి తెరిచింది మూస్తే పోయేదేం లేదు. వర్డ్‌లో సగం రాసిన ఉత్తరమైతే అవతలి కంప్యూటర్‌లో ఇంకా ఉంటుంది, వేరే పేరుతో దాచుకోవచ్చు. గండమల్లా నలుగురూ ఒకేసారి వాడే యాక్సెస్ డేటాబేస్‌తో, ట్యాలీ లెక్కలతో. పద్దు ఎక్కుతుండగా తెగితే ఒక్కోసారి ఫైలే చెడుతుంది.

చెప్పకుండా ఆపితే ఏమవుతుందో కర్నూలు-కడప (కేసీ) కాలువ కింది రైతులకు విడమర్చి చెప్పనక్కర్లేదు. 1882లో తవ్వించిన కంపెనీ నుంచి ప్రభుత్వం చేతికొచ్చిన ఆ కాలువ సుంకేశుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పారుతుంది. నీళ్లు ఆపనిదే పూడిక తీయలేరు. ఆపే తేదీ ముందే తెలిస్తే ఆఖరి తడి పెట్టుకుంటారు. తెలియకపోతే చివరి ఆయకట్టు పైరు నిలువునా ఎండుతుంది. మరమ్మతు వద్దని ఏ రైతూ అనడు, తేదీ చెప్పమంటాడు.

సర్వర్ చూసేవాళ్లేమో "గ్రూపులో మెసేజ్ పెట్టినాం కదా" అంటారు. పండుగ శుభాకాంక్షల మధ్య దాన్ని చూసిందెవరు? జాబితాలో పేరుంది, ఆ పేరుకు ఫోనుంది. "అన్నా, ఆరింటికి ఆపుతున్నా, సేవ్ చేసి బయటికి రాన్నా" అనడానికి అర నిమిషం పట్టదు.

తప్పంతా కుర్రాడిదే అనలేం. ఫైలు తెరిచిపెట్టి ప్రొద్దుటూరు బస్సెక్కే మహానుభావులూ ఉన్నారు. ఆ ఫైలు వాళ్ల వాడుకలో ఉందన్న మాట మిగతావాళ్లకు రోజంతా కనబడుతూనే ఉంటుంది. ఫోనెత్తకపోతే? నిన్నటి బ్యాకప్ సరిగా ఉందో లేదో చూసుకుని మూసేయమనే మా సలహా. ఏ ఫైలు ఏ వేళకు మూసిందీ చీటీ రాసి, తెరిచినాయన టేబుల్ మీద పెట్టాలి. ఆయన వచ్చాక రెండు మాటలంటే పడాలి.