మాగ్నం మోజు

మొన్న ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర మా తెలుగు బ్యాచ్ కుర్రాడొకడు పట్టుకున్నాడు. ఈసారి అక్టోబర్‌లో ఎల్క్ వేటకి వస్తాడట. కోర్సు పూర్తి చేశాడు, లైసెన్స్ తీసుకున్నాడు, ఇక రైఫిల్ ఆర్డర్ పెట్టడమే తరువాయి. ".300 విన్‌చెస్టర్ మాగ్నం అన్నా. ఎల్క్ అంటే పెద్ద జంతువు కదా, పెద్ద తూటా ఉండాలి" అన్నాడు. ఇంతకుముందు ఎప్పుడైనా రైఫిల్ పేల్చావా అంటే లేదన్నాడు.

నాకు కోపం వాడి మీద కాదు. వాడికి ఆ ముక్క నేర్పిన మన మేధావి వర్గం మీద. ర్యామ్ ఎంత, మెగాపిక్సెళ్ళు ఎన్ని, కోర్‌లు ఎన్ని అని స్పెక్ షీట్ చూసి ఫోన్లు కొనే బుర్రలతోనే రైఫిళ్ళు కూడా కొంటున్నాం. రెండు నెంబర్లు పక్కపక్కన పెడితే పెద్దదే గొప్పది. అంతే, రీసెర్చ్ అయిపోయింది :)

ముందు ఒక మాట. "పాపం మూగజీవాలు, చంపడం తప్పు కదా" అనేవాళ్ళతో ఈరోజు వాదన పెట్టుకోను. ఆదివారం మటన్ కొట్టు ముందు క్యూలో నిలబడేవాళ్ళు ఆ మాట అంటే అసలు పెట్టుకోను. అలాగే, హెచ్1బి మీద ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం కాబట్టి, దానికున్న మినహాయింపుల్లో వేట లైసెన్స్ ఒకటి కాబట్టి, తుపాకీ కోసమే లైసెన్స్ తీసుకుని అడవి ముఖం చూడని బాపతు కూడా మనలో ఉన్నారు. వాళ్ళు ఏ తూటా కొనుక్కున్నా నాకు అభ్యంతరం లేదు. అది బీరువాలోంచి బయటికి రాదు కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదు. నా గోల నిజంగా ఒక ప్రాణం మీద గురి పెట్టబోయేవాళ్ళతో.

లెక్కలు కావాలంటే లెక్కలే చూద్దాం. .30-06 అని ఒక తూటా ఉంది. 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టింది, వందేళ్ళకు పైగా ఈ దేశంలో ఎల్క్‌లని, మూస్‌లని, ఎలుగుల్ని పడగొడుతూనే ఉంది. అందులో 180 గ్రెయిన్ల బుల్లెట్ (గ్రెయిన్ అంటే పౌనులో 7000వ వంతు, మొత్తం పన్నెండు గ్రాములు కూడా ఉండదు) సెకనుకి సుమారు 2700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 1963లో వచ్చిన .300 మాగ్నం అదే బుల్లెట్‌ని 2960 దాకా తోస్తుంది. ఎనర్జీ లెక్క కడితే దీనికి 2900 ఫుట్‌పౌన్లు, దానికి 3500. అంటే 20 శాతం ఎక్కువ. మనవాళ్ళు ఇక్కడితో ఎక్సెల్ మూసేస్తారు.

రెండో కాలమ్ చూడరు. ఎనిమిదిన్నర పౌన్ల రైఫిల్‌లో .30-06 భుజాన్ని సుమారు 21 ఫుట్‌పౌన్లతో తంతే, .300 మాగ్నం 28తో తంతుంది. జంతువు దగ్గర 20 శాతం లాభానికి భుజం దగ్గర మూడో వంతు ఎక్కువ చెల్లిస్తున్నాం. పోనీ ఆ వేగం వల్ల బుల్లెట్ ఎంత నిటారుగా పోతుందయ్యా అంటే, 200 గజాలకి గురి సరిచేసిన రైఫిల్‌తో 300 గజాల దగ్గర రెండింటికీ తేడా ఒకటిన్నర, మహా అయితే రెండు అంగుళాలు. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు అడుగు వెడల్పు ఉంటుంది. ఆ రెండు అంగుళాల కోసమా ఇదంతా?

అసలు బుల్లెట్ ఎలా చంపుతుందో మనలో చాలామందికి తెలియదు. ఫుట్‌పౌన్లు జంతువుని గుద్ది కింద పడెయ్యవు, అది సినిమాల్లో. బుల్లెట్ లోపలికి వెళ్ళి, పువ్వులా విచ్చుకుని, ఊపిరితిత్తుల గుండానో గుండె గుండానో దారి చేసుకుంటూ పోవాలి. రక్తం పోయి మెదడుకి ఒత్తిడి పడిపోతే జంతువు పడుతుంది. గుండెకి సరిగ్గా తగిలినా వంద గజాలు పరిగెత్తి పడిన సందర్భాలున్నాయి. కాబట్టి ముఖ్యమైనవి రెండే: ఎక్కడ తగిలింది, ఎంత లోతుకి వెళ్ళింది.

ఆ రెండోదానికి జాన్ నోస్లర్ కథ చాలు. 1946లో ఆయన బ్రిటిష్ కొలంబియాలో మూస్ మీద పేల్చాడు. చేతిలో ఉన్నది అప్పటి పెద్ద మాగ్నమే, .300 హెచ్ అండ్ హెచ్. బుల్లెట్లు బురద పట్టిన తోలుని దాటగానే చితికిపోయి లోపలికి పోలేదు. ఆయన ఇంటికెళ్ళి ఇంకా పెద్ద మాగ్నం కొనలేదు. మధ్యలో అడ్డుగోడ ఉన్న కొత్త బుల్లెట్ తయారుచేశాడు, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా పోయేలా. అదే పార్టిషన్ బుల్లెట్, ఇప్పటికీ అమ్ముతున్నారు. రోగం తూటా సైజులో లేదు, బుల్లెట్ కట్టుబడిలో ఉందని ఆయనకి అర్థమైంది. మనకి ఇంకా అవ్వలేదు.

ఇక మొదటిది, ఎక్కడ తగిలింది అనేది. ఇది నా సొంత కథ. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

నా మొదటి ఎల్క్ సీజన్‌కి నేనూ .300 మాగ్నమే కొన్నాను. అవును, నాది కూడా ఎక్సెల్ షీటే. తూటా ఒక్కోటి రెండు డాలర్ల పైమాట, పైగా పది పేల్చేసరికి భుజం వాచేది. అందుకని రేంజ్‌లో కలిపి ముప్ఫై కూడా పేల్చలేదు. డెన్వర్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసి క్రెయిగ్ దాటి వెళ్ళాం. రెండో రోజు తెల్లవారుజామున ఆడ ఎల్క్ ఒకటి 180 గజాల్లో అడ్డంగా నిలబడింది. ఇంతకంటే తేలిక షాట్ దొరకదు. పేల్చాను. అది వెనక్కి ముడుచుకుని నడిచింది. పరిగెత్తలేదు, నడిచింది. వేట తెలిసినవాళ్ళకి అర్థమైపోతుంది, పొట్టలో తగిలిందని.

మధ్యాహ్నం దాకా వెతికాం. ముందు చుక్కలు చుక్కలుగా, తర్వాత ఆకుల మీద పచ్చటి మరక, తర్వాత ఏమీ లేదు. చీకటి పడేదాకా ఆ లోయ అంతా తిరిగాం. మర్నాడు కూడా. దొరకలేదు. పొట్టలో తగిలిన జంతువు వెంటనే చావదు, గంటల తరబడి చస్తుంది. ఆ సీజన్‌కి ఇంకో దాని మీద గురి పెట్టబుద్ధి కాలేదు, ట్యాగ్ అలాగే తెచ్చి సొరుగులో పడేశాను.

నెల తర్వాత రేంజ్‌లో ఒక పెద్దాయన నా అవస్థ చూసి, "నువ్వు అటు తిరుగు, నేను లోడ్ చేస్తా" అన్నాడు. ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ, నాకు చెప్పకుండా పెట్టాడు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు లేదు, తన్ను లేదు. అయినా నా కళ్ళు మూసుకుపోయాయి, భుజం ముందుకు పొడుచుకొచ్చింది, బారెల్ కొస రెండంగుళాలు కిందికి పోయింది. అదీ సంగతి. రైఫిల్ తంతుందన్న భయంతో నేనే ముందు దాన్ని తంతున్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు, నాకు ఆ సాకు కూడా లేదు. మద్దెల బ్రహ్మాండంగా ఉంది.

"మరి మన బొల్లారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ .405 పట్టుకుని తిరిగాడు కదా" అని ఒక మిత్రుడు లాజిక్ తీశాడు. తిరిగాడు. అది చీకట్లో పది గజాల్లోంచి మీదికొచ్చే నరభక్షక పులి కోసం. మనం కొండ మీద గడ్డి మేస్తున్న ఎల్క్ గురించి మాట్లాడుతున్నాం, అది మన మీదికి రాదు. అదే జిమ్ కార్బెట్‌కి చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహుమతిగా ఇచ్చిన రైఫిల్ .275 రిగ్బీ, అంటే పేరు మార్చిన 7×57 మౌజర్. బెల్ అనే స్కాట్లండ్ వేటగాడు ఆ తూటాతోనే వందల ఏనుగుల్ని పడగొట్టాడు. బెల్ పేరు చెప్పి చిన్న తూటాతో ఏనుగు మీదికి వెళ్ళమనడం లేదు, చాలా ఆఫ్రికా దేశాల్లో ఇప్పుడు చట్టమే ఒప్పుకోదు. ఆయన ఏనుగు పుర్రెని రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్న మనిషి. అదొక్కటి గమనించండి.

పక్క జట్టు మీద కూడా ఓ మాట. 6.5 క్రీడ్‌మోర్ భక్తులున్నారు. 2007లో వచ్చింది, తన్ను .300 మాగ్నంలో సగం కూడా ఉండదు, చక్కటి తూటా. స్వీడన్ వాళ్ళు ఇదే సైజు బుల్లెట్ ఉన్న 6.5×55తో తాతల కాలం నుంచి మూస్‌ని వేటాడుతున్నారు. కానీ తన్ను లేదు కదా అని కంప్యూటర్‌లో బాలిస్టిక్స్ యాప్ పెట్టుకుని 700 గజాల నుంచి ఎల్క్‌ని కొడతామనేవాళ్ళది ఇంకో రకం పిచ్చి. అంత దూరం బుల్లెట్ చేరడానికి దగ్గర దగ్గర సెకను పడుతుంది. ఆ సెకనులో ఎల్క్ ఒక అడుగు ముందుకేస్తే మళ్ళీ పొట్టే.

కొలరాడో చట్టం ఎల్క్‌కి అడిగేది .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్‌పౌన్లు. అది అంచు, అక్కడ నిలబడమనను. .308, 7ఎంఎం-08, .270, .30-06, వీటిలో మీ ఊరి కొట్టులో ఎప్పుడూ దొరికేది, మీ భుజం ఓర్చుకునేది తీసుకోండి. గట్టి బుల్లెట్ కొనండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఎలాగూ రాగివే గతి, 2019 జులై నుంచి సీసం వాడి వేటాడకూడదు. మాగ్నం మీద మిగిలిన డబ్బులతో రెండొందల తూటాలు పేల్చండి, బల్ల మీంచి కాదు, మోకాలి మీద కూర్చుని, పరిగెత్తి ఆయాసంతో ఉన్నప్పుడు. ఏళ్ళుగా మాగ్నం అలవాటైనవాళ్ళు వాడుకోండి, మీతో నాకు పేచీ లేదు.

కాఫీ మెషిన్ దగ్గరి కుర్రాడు ఇంకా ఒప్పుకోలేదు. "అందరూ అలా బెదిరిపోరు కదన్నా" అంటున్నాడు. సరే, వచ్చే శనివారం రేంజ్‌కి రమ్మన్నాను, ఎవరిదైనా మాగ్నం అరువు తెచ్చుకుని. తూటాలు నేనే పెడతానని చెప్పాను. ఇది చదివి వాడిలాగే నాకు బుద్ధి చెప్పాలనుకునేవాళ్ళు కూడా రావచ్చు. నా దగ్గర డమ్మీలు పది ఉన్నాయి.