తప్పు అనే మాట

మా అక్క కొడుకు టొరాంటోలో ఉంటున్నాడు. అక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు పంపినది మొదలు వాడికి నిద్ర లేదు. వాడు ఫోను చేస్తున్నది మొదలు నాకూ లేదు.

"మామయ్యా, ఇంటిపేరు రాయమన్నచోట నా పేరు రాశానేమో!" అని ఒక రాత్రి. "అమ్మ పుట్టినతేదీ పాస్‌పోర్టులో ఉన్నదే వేశాను. అమ్మమ్మ చెప్పే తేదీ వేరు కదా!" అని మరొక రాత్రి. ఆ ఈడువారిలో చాలామందికి కన్నతల్లి ఇచ్చిన పుట్టినరోజు ఒకటి, బడిలో హెడ్మాస్టరుగారు ఇచ్చినది మరొకటి. కాగితాలన్నింటిలోనూ ఒకటే ఉంది కదా, పడుకోమన్నాను.

మీ బంధువుల్లోనూ ఇలాంటి దరఖాస్తు పెట్టినవాడు ఒకడు ఉండే ఉంటాడు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు తోచినది చెబుతాను. మనం అక్షరం జారినా 'తప్పు' అంటాము, అబద్ధమాడినా 'తప్పే' అంటాము. అందుచేత మొదటిది చేసినవాడుకూడా రెండవది చేసినవాడిలా వణికిపోతాడు. ఒక్కొక్కప్పుడు రెండవది చేసినవాడు మొదటిదాని చాటున దాక్కుంటాడు.

గడిచిన 10 సంవత్సరాల్లో ఏ నెలలో ఏంచేశావో కెనడావారి ఫారంలో ఖాళీ లేకుండా రాయాలి. ఉద్యోగం లేని నెలలుంటే లేదనే రాయవచ్చు. అది నేరం కాదు. కాని ముఖ్యమైన సంగతి దాచినా, మార్చి చెప్పినా, 2001లో వచ్చిన వలసచట్టం 40వ సెక్షను ప్రకారం 5 సంవత్సరాలు తలుపు మూస్తారు. 2014 వరకు ఆ గడువు 2 సంవత్సరాలే.

ఇది వినిపించిన రాత్రి వాడు చాలాసేపు పలకలేదు. చివరికి చెప్పాడు. మొదటి ఉద్యోగం పోయి, రెండవది దొరికేలోగా 3 నెలలు ఊరికే ఉన్నాడట. ఫారంలో మొదటి ఉద్యోగాన్నే ఆ 3 నెలలూ సాగదీశాడు.

"ఎందుకురా?" అన్నాను.

"అప్పట్లో అమ్మకు అలాగే చెప్పాను మామయ్యా. ఫారం నింపేటప్పుడు కూడా చెయ్యి అలాగే పోయింది."

ఇంటిపేరు బెంగ, తేదీల బెంగ అన్నీ ఈ ఒక్క బెంగకు వేసిన ముసుగులని అప్పుడు తెలిసింది.

దరఖాస్తు పంపిన తరువాతకూడా, ఫలానా సంగతి సరిగా రాయలేదు, నిజం ఇదీ అని రుజువులతో ఆ శాఖకు తెలియజేసుకోవచ్చు. వాళ్లు పట్టుకోకముందే మనం చెప్పుకోవడం మేలు. అంతమాత్రాన క్షమించి తీరుతారన్న పూచీ లేదు. అదీ వాడికి చెప్పాను. ఆ రాత్రే వివరణ రాసి నాకు చదివి వినిపించాడు. "పొరపాటున రాశాను" అని మొదలుపెట్టాడు. ఆ 'పొరపాటున' కొట్టెయ్యమన్నాను. కొంచెంసేపు ఊరుకుని, కొట్టేశాడు.

"మరి అమ్మకో?" అన్నాను.

"నువ్వు చెప్పకూడదూ?"

"ఆ దరఖాస్తు ఒకరి తరఫున ఇంకొకరు పెట్టేది కాదురా."

మర్నాడు పొద్దున్నే అక్క ఫోను చేసింది. నన్ను కోప్పడుతుందనుకున్నాను.

"ఒరేయ్ తమ్ముడూ! ఆ మూడు నెలలూ వాడు ఏం తిన్నాడో అడిగావా?" అంది.

కెనడానుంచి జవాబు ఇంకా రాలేదు. వాడు మాత్రం అర్ధరాత్రి ఫోన్లు మానేశాడు.