బిడ్డ ఏడవకపోతే తల్లిని ఏడిపిస్తారెందుకు?

పుట్టగానే బిడ్డ ఏడవలేదంటే మా కోసిగి వైపు తప్పంతా తల్లిదే. "నొప్పులు ఓర్చుకోలేదు", "గట్టిగా ముక్కలేదు", "గ్రహణం నాడు బయట తిరిగింది". ఆ బిడ్డ నెలలు గడిచినా మెడ నిలపకపోతే, ఫిట్స్ వస్తే, ఈ మాటలు ఇంకా పెరుగుతాయి. తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు. కాన్పు గదిలో ఏం జరిగిందని మాత్రం ఎవరూ అడగరు. నా కోపం ఈ తీరు మీదే.

అసలు జరిగేది వినండి. కాన్పు సమయంలో మాయ నుంచి బిడ్డకు రక్తం సరిగా అందకపోతే మెదడుకు ఆక్సిజన్ తగ్గుతుంది. కొన్ని కణాలు అప్పుడే చచ్చిపోతాయి. ఊపిరి తెప్పించాక కాసేపు అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. సుమారు ఆరు గంటలు దాటాక రెండో దెబ్బ మొదలవుతుంది. మెదడులో వాపు పెరిగి, మొదట బతికి బయటపడ్డ కణాలు కూడా రోజుల తరబడి చస్తూ పోతాయి.

ఈ రెండో దెబ్బను ఆపాలనే శాస్త్రజ్ఞులు రక్షణ ప్రోటీన్ల వెంట పడ్డారు. మన కాలేయం తయారుచేసే ఇంటర్ ఆల్ఫా ఇన్‌హిబిటర్ ప్రోటీన్లు రక్తంలో తిరుగుతూ వాపును అదుపులో పెడతాయి. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు వాటిని ఇస్తే మెదడుకు నష్టం తగ్గింది. మంచి కబురే. కానీ ఎలుకకు తగ్గితే మన బిడ్డకు తగ్గినట్టు కాదు. కిడ్నీ రోగులకు రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ కూడా ప్రోటీనే. అమెరికాలో 500 మంది బిడ్డల మీద దాన్ని పరీక్షించి, 2022లో ఫలితం చెప్పారు. ఒళ్లు చల్లబరిచే వైద్యానికి దాన్ని జోడించినా అదనంగా మేలు కనిపించలేదు.

ఆ చల్లబరిచే వైద్యం సంగతి మరీ ఆలోచించదగ్గది. ధనిక దేశాల్లో పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, బిడ్డ ఒంటి వేడిని 33.5 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి ఎందరినో కాపాడారు. అదే పద్ధతిని మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్ పెద్దాసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో పరీక్షించారు. 2021లో ఫలితం వచ్చింది. చల్లబరిచిన వాళ్లలో 42 శాతం, చల్లబరచని వాళ్లలో 31 శాతం చనిపోయారు. మన దగ్గర చాలామంది బిడ్డలకు దెబ్బ పుట్టే నిమిషంలో కాక, నొప్పులు సాగినంతసేపూ కొంచెం కొంచెంగా తగులుతోందేమోనని పరిశోధకుల అనుమానం.

అంటే ముందు కాపలా ఉండాల్సింది నొప్పుల వేళ. అక్కడ మనం చేస్తున్నదేమిటి? కాన్పు తొందరగా కావాలని ఊళ్లో నొప్పుల సూది వేయించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ సూదికి గర్భసంచి ఆగకుండా బిగుసుకుంటే బిడ్డకు రక్తం అందే సందే దొరకదు. బిడ్డ గుండె చప్పుడు వింటూ, అవసరమైతే ఆపరేషన్ చేయగలిగిన చోట తప్ప అది వేయకూడదు. ఇక గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి సుగ్గికి పోయిన గర్భిణి మాటేమిటి? ఆమె కార్డు ఇక్కడ, కడుపు అక్కడ. దానికీ ఆమెనే అంటామా?

"మేం పదిమందిని ఇంట్లోనే కనలేదా" అంటారు పెద్దవాళ్లు. ఎంతమంది దక్కారో అది కూడా చెప్పు అవ్వా.

"ఇప్పుడు అందరం ఆసుపత్రిలోనే కంటున్నాం కదా" అనేవాళ్లకూ ఒక మాట. గోడలు బిడ్డకు ఊపిరి పోయవు. నూటికి పదిమంది బిడ్డలకు పుట్టగానే ఊపిరి తీయడానికి ఎంతో కొంత సాయం కావాలి. అది మొదటి నిమిషంలోనే అందాలి. ఒళ్లు తుడవడం, వెచ్చగా ఉంచడం, అప్పటికీ ఊపిరి తీయకపోతే ముఖానికి మాస్కు పెట్టి సంచితో గాలి కొట్టడం. ఈ పని నేర్పడానికే కేంద్ర ప్రభుత్వం 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం పెట్టింది. ఖరీదైన ప్రోటీన్ కాదు, నేర్చిన రెండు చేతులు చాలు.

కాబట్టి అత్తలూ, అమ్మలూ, కోడలికి తొమ్మిదో నెల రాగానే పేర్లు వెతకడం కాసేపు ఆపి ఆసుపత్రిలో అడగండి. బిడ్డ ఏడవకపోతే గాలి కొట్టేవాళ్లు రాత్రిపూట కూడా ఉంటారా? నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు ఎన్నిసార్లు వింటారు? పెద్దాసుపత్రికి పంపాల్సివస్తే బండి ఎంతసేపట్లో వస్తుంది? 2011 నుంచి సర్కారు ఆసుపత్రిలో కాన్పు, పసిబిడ్డ వైద్యం, రాకపోకలు ఉచితం. అది దానం కాదు, మన హక్కు. అడగడానికి మొహమాటం దేనికి?

రేపు ఆ ప్రోటీన్ మందుగా వస్తే అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను. అది వచ్చినా, టైముకు ఆసుపత్రి చేరిన బిడ్డకే పనికొస్తుంది. అంతవరకూ పచ్చి బాలింతరాలి ముందు "నీవల్లే" అన్న మాట నోట రానివ్వకండి. ఆ నోటితో కాన్పు గదిని ప్రశ్నించండి.